వీకెండ్ వస్తోందంటేనే టెన్షన్: కొత్త దేశంలో ఒంటరితనాన్ని మీరెలా గట్టెక్కారు?

కొత్తచోటు (శనివారం, రాత్రి)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఉద్యోగం మీద ఈ దేశం వచ్చి ఏడాది కావస్తోంది. ఒక్కదాన్నే ఉంటాను. పనిలో ఇబ్బంది లేదు, జీతంలో ఇబ్బంది లేదు. ఆఫీసులో అందరూ మర్యాదగానే ఉంటారు. ఆ మర్యాద దగ్గరే ఆగిపోతారు.

శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూశాక సోమవారం మీటింగ్ దాకా ఎదురుగా నిలబడి నాతో మాట్లాడే మనిషి ఉండడు. మొన్న సోమవారం 'గుడ్ మార్నింగ్' అనబోతే గొంతు పెగల్లేదు, బొంగురుగా ఏదో వచ్చింది. జలుబు చేసిందా అని అడిగారు. అవునన్నాను.

ఇంటికి రోజూ వీడియో కాల్ చేస్తాను. ఆ గంటసేపూ బాగానే ఉంటుంది. పెట్టేశాక మాత్రం అంతకుముందుకంటే దిగులేస్తుంది. అమ్మకి చెబితే 'వచ్చెయ్' అంటుంది. ఫ్రెండ్స్‌కి చెబితే 'నీకేంటే, హాయిగా ఉన్నావ్' అంటారు. దాంతో ఎవరికీ చెప్పడం మానేశాను.

'బయటికెళ్ళు, నలుగురితో కలువు' అని మాత్రం దయచేసి అనకండి. వెళ్ళాను. కొత్తగా వచ్చినవాళ్ళ మీట్‌అప్‌లన్నీ తిరిగాను. వెళ్ళిన ప్రతిసారీ కొత్త మొహాలు, అవే ప్రశ్నలు. ఎక్కణ్ణుంచి, ఏం చేస్తారు, వచ్చి ఎన్నాళ్ళైంది. ఇంటికొచ్చేసరికి ఓపిక మొత్తం హరించుకుపోతుంది.

ఇది కాలంతో పోయేదేనా? మీలో ఎవరికైనా పోయిందా?

పాతకాపు (ఆదివారం)

పోతుందమ్మా. కానీ ఊరికే కూర్చుంటే పోదు. నేను ఉద్యోగరీత్యా మూడు దేశాలు మారాను, మూడుచోట్లా మొదటి ఏడాది ఇలాగే గడిచింది.

మీ పోస్టులోనే జవాబు ఉంది. 'ప్రతిసారీ కొత్త మొహాలు' అన్నారు చూడండి, అదీ అసలు సంగతి. మీట్‌అప్‌లో పరిచయాలు అవుతాయి, స్నేహాలు కావు. ఈ వారం కలిసినవాళ్ళు వచ్చే వారం రారు, వచ్చినా మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి మొదలు. మీరు వెతకాల్సింది ఒకే చోట, ఒకే రోజున, అవే మొహాలు కనపడే పని. బృందంగా పాడే చోటో, బ్యాడ్మింటనో, స్థానిక భాష క్లాసో, లైబ్రరీలో వాలంటీర్ పనో ఏదైనా సరే. చేతిలో పని ఉండటం ముఖ్యం. పని ఉంటే మాట్లాడకపోయినా ఎబ్బెట్టుగా ఉండదు.

నా సంగతి చెప్తాను. ఇప్పుడున్న దేశంలో, పాత సైకిళ్ళు బాగుచేసి అవసరమైనవాళ్ళకి ఇచ్చే ఒక వర్క్‌షాప్‌లో చేరాను. శనివారాలు ఉదయం. నాకు సైకిల్ తొక్కడం తప్ప ఏమీ రాదు. చాలా వారాలపాటు అక్కడ నాతో ఎవరైనా మాట్లాడిన మాట 'ఆ స్పానర్ ఇటివ్వు' అంతే. చేతులకి గ్రీజు, చెవుల్లో రేడియో. మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఒక వారం జ్వరం వచ్చి వెళ్ళలేదు. మరుసటి వారం చెయిన్ బిగిస్తున్న పెద్దాయన తలెత్తకుండానే 'పోయిన శనివారం రాలేదేం?' అన్నాడు. రాలేదని ఒకడికి తెలిసింది! ఈ దేశంలో నేను లేకపోవడం ఒకరి దృష్టికి రావడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన, ఆయన ద్వారా ఇంకో ఇద్దరు, అలా అలా.

మూడు నెలలు తప్పకుండా వెళ్ళండి. అప్పటిదాకా 'ఇక్కడ నాకెవరూ దొరకరు' అని తీర్పు చెప్పకండి.

గోడగడియారం (ఆదివారం)

పాతకాపు గారూ, గౌరవంతోనే ఒక మాట. ఇది కూడా 'బయటికెళ్ళు' అనే సలహానే, కాస్త ముస్తాబు చేశారంతే. నాకు నైట్ షిఫ్టులు. రోస్టర్ వారం వారం మారుతుంది. 'ప్రతి శనివారం ఉదయం' అనేది నా బతుకులో లేదు. పైగా నేను నలుగురిలో కలిసే రకం కూడా కాదు. సొంతూళ్ళోనే నాకు ఇద్దరే స్నేహితులు, వాళ్ళు చిన్నప్పటి నుంచీ పక్కింటివాళ్ళు కాబట్టి స్నేహితులయ్యారు.

నాలాంటివాళ్ళకి ఏం చెప్తారు? సీరియస్‌గానే అడుగుతున్నా.

ల్యాబ్_పక్షి (ఆదివారం)

సోషల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, అదీ పరాయి దేశంలోనే. కాబట్టి ఇది నాకు సబ్జెక్టూ, సొంత గోడూ కూడా.

గోడగడియారం గారూ, 'పక్కింటివాళ్ళు కాబట్టి స్నేహితులయ్యారు' అని మీరు తేలిగ్గా అనేశారు గానీ, 1950లో అచ్చయిన అధ్యయనంలో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థి కుటుంబాల క్వార్టర్స్‌లో చూసింది అచ్చంగా అదే. గుణాలు కలవడం కంటే తలుపులు దగ్గరగా ఉండటం స్నేహాన్ని ఎక్కువగా నిర్ణయించింది. మెట్ల పక్కన ఉన్న ఇంటివాళ్ళకి పై అంతస్తులో కూడా స్నేహితులు ఉన్నారు, ఎందుకంటే ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వాళ్ళ ముందు నుంచే పోవాలి. అంటే కలుపుగోలుతనం లేనివాళ్ళకి కూడా దారి ఉంది, పదేపదే ఎదురుపడితే చాలు. షిఫ్టులు మారినా మీరు క్రమం తప్పకుండా వెళ్ళే చోటు ఒక్కటైనా ఉంటుంది కదా, బస్ స్టాపో, జిమ్మో, ఆఫీసు క్యాంటీనో. అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

కొత్తచోటు గారికి ఒక లెక్క. జెఫ్రీ హాల్ అనే కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ 2018లో ఒక అధ్యయనం వెలువరించాడు. అందులో ఒక భాగం కొత్త ఊరికి మారి ఆరు నెలలు దాటనివాళ్ళ మీద చేసిందే. పరిచయస్థుడు మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహితుడు కావడానికి 200 గంటల పైనే కలిసి గడపాల్సి వచ్చింది. ఇంకో విషయం, కలిసి ఉద్యోగం చేసిన గంటలు దీనికి అంతగా కలిసిరాలేదు. అందుకే మీకు ఆఫీసులో రోజంతా మనుషులున్నా స్నేహం కుదరలేదు. మీలో లోపమేమీ లేదండి. గంటలు పోగవలేదు, అంతే.

వేలువిడిచిన_మేనమామ (ఆదివారం)

200 గంటలా! మా ఇంట్లో నేనూ మా ఆవిడా కలిసి గడిపింది అంతకంటే ఎక్కువే, దగ్గరి స్నేహితులమా అంటే ఆవిడనే అడగాలి.

సరదాకి అన్నాను. కొత్తచోటమ్మా, ఇంటిమీద బెంగ సిగ్గుపడాల్సిన విషయమేం కాదు. 1688లోనే యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో దీన్నొక జబ్బుగా వర్ణిస్తూ సిద్ధాంత వ్యాసం రాశాడు. అతని దృష్టిలో దీనికి గట్టి మందు రోగిని ఇంటికి పంపించెయ్యడమే. మీ అమ్మగారు మూడొందల ఏళ్ళ నాటి వైద్యమే చెబుతున్నారన్నమాట.

వానచినుకు (ఆదివారం, రాత్రి)

ఇదంతా చదివాక నాకూ రాయాలనిపించింది. మా ఆయన ఉద్యోగం మీద వచ్చాం, నాది డిపెండెంట్ వీసా. ఇక్కడ పనిచేసే అనుమతి లేదు. పెళ్ళికి ముందు నేను టీచర్‌ని.

కొత్తచోటు గారూ, మీకు సోమవారం మీటింగైనా ఉంది. నాకు సోమవారానికీ గురువారానికీ తేడా లేదు. ఆయన మంచివాడే, సాయంత్రం రాగానే ఎలా గడిచింది అని అడుగుతారు. చెప్పడానికి ఏమీ ఉండదు. 'బాగుంది' అంటాను. తోడు ఉండి కూడా ఒంటరిగా ఉంది అంటే ఆయన మనసు కష్టపడుతుందని చెప్పలేను. మొగుడు పక్కనే ఉండగా ఇదేం గోల అని నన్ను నేనే తిట్టుకుంటాను.

ల్యాబ్_పక్షి (సోమవారం)

తిట్టుకోకండి అక్కా. రాబర్ట్ వైస్ అనే సోషియాలజిస్టు 1973లోనే ఒంటరితనంలో రెండు రకాలున్నాయని చెప్పాడు. మనసు విప్పుకునే ఒక్క మనిషి లేకపోవడం ఒకటి. నలుగురున్న ఒక గుంపులో మనకంటూ చోటు లేకపోవడం ఇంకొకటి. ఒకదాని లోటు రెండోది తీర్చదు. మీకు లేనిది రెండోది. దాన్ని భర్త ఎంత మంచివాడైనా ఒక్కడే పూడ్చలేడు, అది ఆయన లోపమూ కాదు. ఈ మాట ఆయనతో ఇలాగే చెప్పి చూడండి. 'నువ్వు చాలట్లేదు' అన్నట్టు వినపడదు.

పాతకాపు (సోమవారం)

వానచినుకు గారూ, జీతం తీసుకోకుండా చేసే పనులకి చాలా దేశాల్లో డిపెండెంట్ వీసా అడ్డు రాదు. అయితే కొన్నిచోట్ల వాలంటీర్ పనికీ షరతులుంటాయి, మీ వీసా నిబంధనలు ఒకసారి చదివి దిగండి. టీచర్ అంటున్నారు కాబట్టి పిల్లలకి చదివి వినిపించే లైబ్రరీ కార్యక్రమాలు, కొత్తగా వచ్చినవాళ్ళకి భాష నేర్పే బృందాలు చూడండి. భాష నేర్చుకునే చోటికి వెళ్ళినా మంచిదే. అక్కడ అందరూ తప్పులు మాట్లాడతారు కాబట్టి ఎవరూ ఎవరినీ చూసి బెదరరు.

తిరిగొచ్చినవాడు (సోమవారం)

ఒక అప్రియమైన మాట అనొచ్చా. నేను కొన్నేళ్ళు ఉండి వెనక్కి వచ్చేశాను. ఈ ఫోరంలో అందరూ 'గట్టెక్కడం' గురించే మాట్లాడతారు. వెనక్కి వెళ్ళిపోవడం ఓడిపోవడం కాదని ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేను చెప్తున్నా.

కానీ ఒకటి. ఒంటరితనం నుంచి తప్పించుకోవడానికే వస్తే మాత్రం ఆలోచించండి. వచ్చాక నాకు ఇక్కడ కూడా కొన్నాళ్ళు ఊపిరాడలేదు. నేను లేని ఏళ్ళలో స్నేహితులు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లలు పుట్టారు, వాళ్ళ ఆదివారాలు నిండిపోయాయి. నా అక్కడి కబుర్లు రెండోసారి వినే ఓపిక ఎవరికీ లేదు. తర్వాత తెలిసింది, గల్లాహార్న్ అనే పరిశోధక దంపతులు 1963లోనే దీని గురించి రాశారట. వెళ్ళినప్పుడు ఒక లోయ దాటితే, తిరిగొచ్చాక ఇంకో లోయ ఉంటుందని.

కొత్తచోటు (సోమవారం, రాత్రి)

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అందరికీ థాంక్స్. వానచినుకు అక్కా, మీ 'బాగుంది' నాకు బాగా తెలుసు. నేను వీడియో కాల్‌లో వాడేది కూడా అదే.

అసలు ఇక్కడ రాయాలని ఎందుకనిపించిందో చెప్పలేదు. పన్ను నొప్పికి క్లినిక్‌కి వెళ్తే ఒక ఫారం ఇచ్చారు. పేరు, పుట్టిన తేదీ, అలర్జీలు అన్నీ నింపాను. కింద 'ఎమర్జెన్సీ కాంటాక్ట్, ఈ దేశపు నంబరు' అని ఉంది. అమ్మ నంబరు రాయబోతే అన్ని అంకెలు పట్టే గడులు లేవు. ఖాళీ వదిలేసి ఇచ్చాను. కౌంటర్‌లో అమ్మాయి పెన్నుతో దానిచుట్టూ సున్నా చుట్టి 'ఎవరో ఒకరిది రాయండి' అంది నవ్వుతూ. ఫోన్ తీసి కాంటాక్ట్స్ మొత్తం కిందికీ పైకీ జరిపాను. చివరికి మా మేనేజర్ నంబరు రాశాను. ఆయనకి ఈ సంగతి తెలియదు.

తిరిగొచ్చినవాడు గారూ, వెళ్ళిపోవాలని రోజూ అనిపిస్తుంది. కానీ ఈ పని నాకు ఇష్టం. అందుకే ఇంకొన్నాళ్ళు చూద్దామని.

ఒక ప్రశ్న. ఇంటికి కాల్స్ తగ్గించమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చింది. 'నువ్వు సగం ఇక్కడ, సగం అక్కడ ఉన్నావు' అంది. నిజంగా తగ్గించాలా?

గోడగడియారం (మంగళవారం)

వద్దు! ఆ కాల్సే లేకపోతే నేను ఎప్పుడో పిచ్చివాణ్ణి అయ్యేవాణ్ణి. మనిషికి ఉన్న ఒక్క ఆధారాన్ని కూడా వదులుకోమని చెప్పే సలహాలు నాకు అర్థం కావు.

పాతకాపు (మంగళవారం)

తగ్గించక్కర్లేదు, వేళ మార్చండి. కాల్ ఏ టైమ్‌ని తినేస్తోందో చూసుకోండి. టైమ్ తేడా వల్ల ఇంటివాళ్ళు మెలకువగా ఉండి, మీకు తీరిక దొరికేది వీకెండ్‌లో ఒక పూటే అవుతుంది. ఇక్కడివాళ్ళు నలుగురూ కలిసేది కూడా సరిగ్గా ఆ పూటే. మీరు స్క్రీన్ ముందు కూర్చుంటారు, ఇటు కలవాల్సినవాళ్ళు కలిసి వెళ్ళిపోతారు. నేను కాల్‌ని ఉదయం ఆఫీసుకి నడిచే దారికి మార్చుకున్నాను. వీడియో లేదు, మాట మాత్రమే. మొహం చూడనివ్వట్లేదని మా అమ్మ కొన్నాళ్ళు అలిగింది, తర్వాత అలవాటు పడింది. చిత్రంగా, మొహం కనపడకపోతే ఇద్దరం ఎక్కువ నిజాలు మాట్లాడుకున్నాం.

వానచినుకు (మంగళవారం)

నిజం అన్నమాట మీద ఒకటి. వాళ్ళు కూడా దాస్తారండి. మా నాన్నకి ఒంట్లో బాగోకపోతే నాకు నెల తర్వాత తెలిసింది. 'నువ్వక్కడ కంగారు పడతావని' చెప్పలేదట. నేను ఇక్కడ 'బాగుంది', వాళ్ళు అక్కడ 'బాగున్నాం'. అప్పట్నుంచీ మా అక్కతో ఒక ఒప్పందం పెట్టుకున్నా. వారానికోసారి అదీ నేనూ మాత్రమే మాట్లాడుకుంటాం, ఆ కాల్‌లో 'బాగుంది' అనకూడదు. పోట్లాడుకున్నా పర్లేదు. అది పెట్టేశాక మాత్రం నాకు దిగులు రాదు.

రాత్రి_డ్యూటీ (మంగళవారం)

మానసిక వైద్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను, నేనూ వలస వచ్చినదాన్నే. రెండు విషయాలు చెప్పి వెళ్తాను, డ్యూటీకి టైమవుతోంది.

ఒంటరితనం జబ్బు కాదు. జాన్ కాచియోపో అనే శాస్త్రవేత్త దీన్ని ఆకలి దప్పికలతో పోల్చేవాడు. ఒంటికి ఏదో కావాలని చెప్పే గుర్తు. కానీ అది డిప్రెషన్‌గా మారితే వేరే సంగతి. రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, లేదా ఇంతకుముందు ఇష్టమైన వేటి మీదా మనసు లేకపోవడం, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడిపోవడం, లేవడానికే ఓపిక లేకపోవడం, నేను పనికిరానిదాన్ని అనిపించడం ఉంటే సలహాలు చదువుతూ కూర్చోకండి, డాక్టర్‌ని కలవండి. చాలా కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ ఉంటుంది, కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితంగా ఇస్తారు, మీరేం మాట్లాడారన్నది మేనేజర్‌కి చెప్పరు. యూనివర్సిటీల్లో కూడా కౌన్సెలర్లు ఉంటారు. మన భాష మాట్లాడే కౌన్సెలర్ కావాలంటే ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. ఏడవడానికి సొంత భాష ఉంటే కాస్త సులువు.

రెండోది వెలుతురు. భూమధ్యరేఖకి దూరంగా ఉన్న దేశానికి వచ్చినవాళ్ళు శీతాకాలంలో వచ్చే దిగులు మొత్తాన్నీ ఇంటిబెంగ ఖాతాలో వేసేస్తారు. పగలు కురచగా ఉండటం వల్ల వచ్చే డిప్రెషన్ ఒకటుంది, నార్మన్ రోసెంథాల్ అనే మానసిక వైద్యుడి బృందం 1984లో దాన్ని వర్ణించింది. ఏటా అదే కాలంలో మొదలై, ఎండలు రాగానే తగ్గిపోతుంటే అనుమానించాలి. పొద్దున్నే 10,000 లక్స్ వెలుతురిచ్చే దీపం ముందు అరగంట కూర్చోబెట్టడం దానికి మామూలుగా చేసే చికిత్స. కంటి జబ్బులు, బైపోలార్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ దేశపు అత్యవసర నంబరుకో హెల్ప్‌లైన్‌కో వెంటనే ఫోన్ చేయండి. బిఫ్రెండర్స్ వరల్డ్‌వైడ్ సైట్‌లో చాలా దేశాల హెల్ప్‌లైన్లు దొరుకుతాయి.

మోడరేటర్

పై పోస్టును ఈ చర్చకి పైన పిన్ చేస్తున్నాం. వీసా ఏజెంట్ల ప్రకటనలు రెండు తీసేశాం. దయచేసి విషయం మీదే ఉండండి.

గోడగడియారం (బుధవారం)

ల్యాబ్_పక్షీ, నువ్వు చెప్పింది ఆలోచించాను. నేను షిఫ్టు ముగించుకుని వచ్చేటప్పుడు మొదటి బస్సు ఎక్కుతాను. అందులో రోజూ ఆ వేళకి ఉండేది ఐదారుగురం. ఒక సెక్యూరిటీ గార్డు, ఆస్పత్రిలో శుభ్రం చేసే ఇద్దరు ఆడవాళ్ళు, ఇంకెవరో. ఇన్నాళ్ళూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇవాళ తీసేసి గార్డుకి తల ఊపాను. ఆయనా ఊపాడు. అంతే. ఇంతకంటే ఏమీ జరగలేదు, ఎక్కువ ఊహించుకోకండి.

కానీ ఒక సందేహం. మాట్లాడాక 'వీడేంటి ఇలా మాట్లాడాడు అనుకున్నారేమో' అని రోజంతా నాకు అదే ధ్యాస. దానికేం మందు?

ల్యాబ్_పక్షి (బుధవారం)

అన్నా, తల ఊపడం చిన్న విషయమేం కాదు. గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ అనే పరిశోధకులు 2014లో చూపించింది ఇలాంటి పైపై పరిచయాల గురించే. అంతంతమాత్రం తెలిసినవాళ్ళతో ఎక్కువగా పలకరింపులున్న రోజున మనుషులు మామూలుకంటే సంతోషంగా ఉన్నారు.

నీ రెండో ప్రశ్నకి: మొదటిసారి మాట్లాడుకున్న ఇద్దరినీ విడివిడిగా అడిగితే, 'నేను వాళ్ళకి నచ్చిన దానికంటే వాళ్ళు నాకు ఎక్కువ నచ్చారు' అని ఇద్దరూ అనుకుంటారు. ఎరికా బూత్‌బీ బృందం 2018లో వేసిన పేపర్ ఇది. అంటే ఆ గార్డు కూడా ఇవాళ ఇంటికెళ్ళి నీ గురించి అదే ధ్యాసలో ఉండి ఉండొచ్చు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది, కొత్తచోటు గారు కూడా వినాలి. ఒంటరితనం ముదిరితే మనిషి ప్రతి మొహంలోనూ తిరస్కారాన్నే వెతుకుతాడు. ఎవరో రిప్లై ఆలస్యం చేస్తే 'నన్ను వదిలించుకుంటున్నారు' అనిపిస్తుంది, మనమే ముందు వెనక్కి జరుగుతాం. 2011లో మాసీ, కాచియోపో వగైరాలు ఒంటరితనానికి చేసిన రకరకాల ప్రయత్నాల్ని పక్కపక్కన పెట్టి చూశారు. మనుషుల్ని కలిసే అవకాశాలు పెంచడం కంటే, ఇలాంటి ఆలోచనల్ని పట్టుకుని సరిచేసుకోవడం ఎక్కువ పనిచేసింది. కాబట్టి గోడగడియారం అన్న మొదట్లో పెట్టిన పేచీ సబబే. 'బయటికెళ్ళు' ఒక్కటే చాలదు.

పాతకాపు (బుధవారం)

ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, ఆ ఆలోచన తప్పని తేలాలన్నా ఎదురుగా మనిషి ఉండాలి కదా. గదిలో కూర్చుని ఎంత సర్దిచెప్పుకున్నా మనసు నమ్మదు.

తిరిగొచ్చినవాడు (బుధవారం)

ఇంకొకటి ఎవరూ అనలేదు. మన భాషవాళ్ళ సంఘాలు. నా అనుభవంలో అక్కడికి వెళ్తే ఇల్లు కొన్నారా, వీసా ఏ దశలో ఉంది, పెళ్ళెప్పుడు, ఇవే. వెళ్ళినప్పుడల్లా ఒంటరితనానికి తోడు పోలిక ఒకటి మోసుకొచ్చేవాణ్ణి.

వేలువిడిచిన_మేనమామ (బుధవారం)

అవి ఉన్న మాటే. కానీ మా ఆవిడ పురుడు అయినప్పుడు పొద్దున ఐదింటికి పెద్దవాడిని చూసుకోవడానికి వచ్చినవాళ్ళూ ఆ సంఘంవాళ్ళే. పెళ్ళెప్పుడు అని అడిగే ఆంటీకే అర్ధరాత్రి ఫోన్ చేయగలం. మన భాషలో నవ్వుకోవడానికి అక్కడికి, ఈ దేశం అర్థం కావడానికి ఇక్కడివాళ్ళ దగ్గరికి. రెండూ కావాలయ్యా. పెద్ద సభలకి పోవద్దు, అక్కడ మీకు నచ్చిన ఒకరిద్దరిని పట్టుకుని విడిగా కలవండి.

పిలిచేటప్పుడు మాత్రం 'ఎప్పుడైనా కలుద్దాం' అనకండి. ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాదు. 'గురువారం ఆరింటికి నడవడానికి వెళ్తున్నా, వస్తారా?' అనండి. రానంటే మీ నడక మీకు ఉంటుంది. ఒకసారి కుదరదన్నవాళ్ళని ఇంకోసారి అడగండి, రెండోసారీ కుదరదంటే వదిలేయండి.

వానచినుకు (తర్వాతి శుక్రవారం)

మా ఆయనకి చెప్పేశాను, ల్యాబ్_పక్షి చెప్పిన మాటల్లోనే. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తనూ ఆఫీసులో మధ్యాహ్నం ఒక్కడే కూర్చుంటాడని చెప్పాడు. ఇన్నాళ్ళూ నేను కంగారు పడతానని చెప్పలేదట! వీసా నిబంధనలు చదివాం, లైబ్రరీలో వాలంటీర్ పనికి అడ్డు లేదు. మంగళవారం వెళ్ళి అడుగుతాను. ఉచ్చారణ గురించి భయంగా ఉంది.

పాతకాపు (శుక్రవారం)

పిల్లలు ఉచ్చారణ పట్టించుకోరమ్మా. గొంతులు మార్చి చదువుతారా లేదా అన్నదే చూస్తారు.

కొత్తచోటు (రెండు వారాల తర్వాత)

చిన్న అప్‌డేట్. పెద్దగా ఏమీ మారలేదు, నిజం చెప్పాలంటే. ఆఫీసు దగ్గర ఒక హాల్లో గురువారాలు బ్యాడ్మింటన్ ఆడే గుంపులో చేరాను. మొదటి వారం నాతో స్కోరు తప్ప ఎవరూ ఏమీ మాట్లాడలేదు. రెండో వారం ఒకావిడ నా రాకెట్ గ్రిప్ ఊడిపోతోందని చూపించి, తన బ్యాగులోంచి టేప్ తీసి చుట్టిచ్చింది. ఇంటికొచ్చాక ల్యాబ్_పక్షి 50 గంటల్లోంచి నాలుగు తీసేసి ఇంకా ఎంత ఉందో లెక్కేశాను. ఎక్కువే ఉంది.

అమ్మ కాల్ ఇప్పుడు పొద్దున నడిచేటప్పుడు. 'ఈ వారం బాగోలేదమ్మా' అని ఒకసారి అన్నాను. 'వచ్చెయ్' అంటుందనుకున్నాను. 'ఏమైంది, చెప్పు' అంది.

కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను, రాత్రి_డ్యూటీ గారు చెప్పినట్టు కంపెనీ ద్వారానే.

ఇప్పుడో చిన్న సమస్య. ఆ బ్యాడ్మింటన్‌వాళ్ళు రెండుసార్లు పేర్లు చెప్పారు, నాకు ఒక్కటీ గుర్తులేదు. ఇక్కడి పేర్లు నోరు తిరగవు. మూడోసారి ఎలా అడగను?

ల్యాబ్_పక్షి (అదే రోజు)

వాళ్ళకీ మీ పేరు గుర్తుండి ఉండదు, పందెం. మీరే ముందు మీ పేరు మళ్ళీ చెప్పండి. ఎదుటివాళ్ళు హమ్మయ్య అనుకుని వాళ్ళది చెప్పేస్తారు.

వేలువిడిచిన_మేనమామ (అదే రోజు)

కోర్టు బయటికి రాగానే ఫోన్‌లో రాసుకోమ్మా. 'ఎర్రబూట్లు: ఫలానా. సర్వీసు గట్టిగా కొట్టే పొడుగాయన: ఫలానా. టేప్ ఆవిడ: ఫలానా.' నా ఫోన్‌లో ఇప్పటికీ ఒకాయన పేరు 'ఎదురింటి కుక్క నాన్న' అనే ఉంది. ఆ కుక్క పేరు మాత్రం నాకు మొదటిరోజే గుర్తుండిపోయింది.

గోడగడియారం (అదే రోజు)

గార్డు పేరు నాకూ తెలియదు. రేపు అడుగుతాను. రేపు నాకు ఆఫ్, కాబట్టి ఎల్లుండి.